నీళ్ళ తుపాకీ, గట్టు దొంగ

తెలివితేటల్లో మా గవ్వలోళ్ళని మించినవాళ్ళు నత్తలమెట్టలోనే లేరు. ఈ మాట ఎవరన్నారని అడక్కండి, మేమే అనుకున్నాం. చెప్పింది చెప్పినట్టు వినడం, విన్నది విన్నట్టు చెయ్యడం మా వంశాచారం. మధ్యలో సొంత బుర్ర దూర్చి పని పాడుచేసే అలవాటు మాకు లేదు.

అప్పట్లో ఆ వంశానికి పెద్ద బైరాగి. అతని తమ్ముడు గురువులు. బైరాగి భార్య ధనమ్మ మూడో తరగతి దాకా చదివింది కాబట్టి ఆ ఇంటికి మంత్రి. సముద్రమొడ్డున ఉన్న ఆ ఊళ్ళో అందరికీ ఏదో ఒక పని అప్పజెప్పేవారు గానీ, బైరాగికి మేక పలుపు పట్టుకోమని కూడా ఎవరూ ఇచ్చేవారు కాదు. అతనికి నలభై దాటాయి. "ఒక్కపాలి, ఒక్క తాళంచెవి నా సేతికిస్తే సాలు" అని భార్య దగ్గర కుమిలిపోయేవాడు. ఇప్పుడు మేం నవ్వుకుంటాం గానీ, ఆ బాధ మాత్రం నిజం బాధే.

ఆ రోజు రానే వచ్చింది. పొరుగూళ్ళో పెళ్ళికి ఊరంతా కదిలింది. గవ్వలోళ్ళకి పిలుపు లేదు. కిందటేడు ఒక పెళ్ళిలో "మీ ఇల్లే అనుకోండి" అని పెళ్ళివారు మర్యాద చేస్తే, వీళ్ళు అలాగే అనుకుని, భోజనాలు కాగానే "ఇంక మీ ఇళ్ళకి మీరెళ్ళండి" అని పెళ్ళికొడుకుతో సహా అందర్నీ బయటికి పంపి తలుపు గడియ పెట్టుకున్నారు. అందుకని ఊళ్ళో మిగిలింది వాళ్ళే. ఊరుమ్మడి పడవకి కొత్తగా తెచ్చిన ఇంజను పాకలో ఉంది. అది పోతే ఊరికి వేట లేదు. ఊరిపెద్ద కామేశు గత్యంతరం లేక పాక తాళంచెవి బైరాగి చేతిలో పెట్టాడు. బైరాగి దాన్ని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

ఆ ఊళ్ళో సోమునాయుడని ఒకాయన ఉన్నాడు. నీటి అడుగున కాపలా కాసే జవానుగా పనిచేసి వచ్చినాయన. పెళ్ళికి బయల్దేరుతూ, వీళ్ళకి ధైర్యంగా ఉంటుందని తన దగ్గరున్న పాత తుపాకీ ఒకటి ఇచ్చాడు. కొత్త జవాన్లు పట్టుకోవడం నేర్చుకునే తుపాకీ అది, లోపల ఏమీ లేదు.

"ఇది నీళ్ళలో పేల్చే తుపాకీరా. మామూలు తూటా నీళ్ళలో రెండు బారలు పోకుండానే సచ్చూరుకుంటాది. దీనికైతే జానెడు పొడుగు ఇనప సూదులు, తిన్నగా పోతాయి. ఎంత లోతుకి దిగితే అంత జోరు తగ్గుతాది. గట్టు మీద మాత్రం దీన్ని నమ్మకండి. ఊరికే సూపించి బెదిరించండి సాలు" అన్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పాత కొలువు గుర్తొచ్చి ఆయన గొంతు పెరిగింది. "మాకు ఇంకో మాటుండేది. జోడీ లేకుండా నీళ్ళలో ఉండకూడదు. ఒకసారి దిగినాక పానం పోయినా జోడీని వదలకూడదు. ఆడెటెల్తే నువ్వటే."

అంతే. ఊరు ఖాళీ అవగానే ముగ్గురూ కూర్చుని ఆలోచన మొదలెట్టారు.

"దొంగోడు గట్టు మీంచొస్తే ఏటి సేస్తాం మావా? గట్టు మీద నమ్మొద్దన్నారు కదా" అంది ధనమ్మ.

"మనం నీళ్ళలో ఉందాం" అని బైరాగి పాక ముందు వలలు కడిగే సిమెంటు తొట్టి చూపించాడు.

"మరి దొంగోడో?"

"ఆడికీ సెప్పాలి. సెప్పకపోతే ఆడికెలా తెలుస్తాది?"

ఇంకేముంది, ధనమ్మ బొగ్గు ముక్క తీసుకుని పాక తలుపు మీద "దొంగలు తొట్టిలోంచి రావలెను" అని పెద్దక్షరాలతో రాసింది. చదువు రాని దొంగ వస్తే తాళం పగలగొడతాడేమోనని గురువులుకి అనుమానం వచ్చింది. తాళం కూడా ఊరిదే, పగిలితే మాటొస్తుంది. అంచేత బైరాగి తాళం తీసి, చెవితో సహా మొలతాడుకి కట్టుకున్నాడు.

ఇంక తొట్టి నింపడం మొదలెట్టారు. లోతుకి దిగితే జోరు తగ్గుతుందన్నారు కదా, అందుకని మోకాలెత్తుకి మించి నీళ్ళు పోయలేదు. మోకాలెత్తు నీళ్ళలో నిలబడితే తుపాకీ బయటే ఉంటుంది. సరే అని అన్నదమ్ములిద్దరూ వెల్లకిలా పడుకున్నారు, ముక్కులు మాత్రం పైన. ధనమ్మ ఎండుచేపలు తిరగెయ్యడానికి ఒడ్డుకి పోయింది.

మధ్యాహ్నానికి గురువులుకి ఆకలేసింది. లేచి చద్దన్నం తినడానికి వెళ్ళిపోయాడు. బైరాగికి చిక్కొచ్చిపడింది. నీళ్ళలో ఉన్నాడు, జోడీ లేడు. లేచి పోదామంటే కాపలా. సరిగ్గా అప్పుడే ఎవరో గళ్ళలుంగీ మనిషి వచ్చాడు. తలుపు మీద రాత చదివాడు, తొట్టిలోకి చూశాడు.

"ఎవరు బాబూ?" అన్నాడు బైరాగి.

"దొంగని" అన్నాడు ఆ మనిషి. ఇలాంటివాడి దగ్గర దాచడం దేనికని అతని ఉద్దేశం.

"మంచప్పుడొచ్చావు. తొట్టిలోకి రా. గట్టు మీద ఇది పేలదు."

"వస్తే పేలుస్తావు కదా?"

"ఇప్పుడు కాదు. మా తమ్ముడు బువ్వకెల్నాడు. ఆడొచ్చేదాకా నువ్వు నాకు జోడీగా ఉండు. ఆడొచ్చినాక పేలుస్తాను."

"జోడీని పేల్చకూడదు కదా?"

"ఛ, జోడీని ఎవడైనా పేలుస్తాడేటి."

దొంగ ఒక కాలు తొట్టిలో పెట్టి తీశాడు. "సరే, నాను నీ జోడీని. ఇప్పుడు పాకలోకెల్తన్నాను" అన్నాడు.

"పద, నానూ వస్తాను. నువ్వెటెల్తే అటే."

ఇంజను బరువైంది. ఒక కొస దొంగ ఎత్తాడు, రెండో కొస బైరాగి ఎత్తాడు. తుపాకీని నీళ్ళు లేకుండా నమ్మకూడదు కాబట్టి బిందెడు నీళ్ళలో ముంచి నెత్తిన పెట్టుకున్నాడు. ఇద్దరూ ఉప్పుటేటి దాకా మోశారు, తెప్ప మీద అవతలి గట్టుకి దాటించారు. దొంగకి జన్మలో అంత హాయిగా దొంగతనం జరగలేదు.

"ఇంక నువ్వెల్లు అన్నా" అన్నాడు.

"పానం పోయినా వదల్ను" అన్నాడు బైరాగి.

దొంగ గుడిసెలోకి వెళ్తే తనూ వెళ్ళాడు. దొంగ కంచంలో చెయ్యి పెడితే తనూ అదే కంచంలో చెయ్యి పెట్టాడు. దొంగ నడుం వాలిస్తే పక్కనే నడుం వాల్చాడు. ఆఖరికి దొంగ చెంబు పట్టుకుని సరుగుడు తోటలోకి పోతే, బైరాగి బిందెతో సహా వెనకే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. దొంగకి ఏడుపొచ్చింది. సంతకి తీసుకెళ్ళి ఇంజను అమ్ముదామా అంటే, వీడు పక్కనే నిలబడి అది ఎక్కడిదో కొనేవాడికి వివరంగా చెప్తాడు.

"బాబూ, నీ ఇంజను నువ్వు అట్టుకుపో" అని కాళ్ళమీద పడ్డాడు.

"ఇంజనెందుకూ? నాను ఇంజను కోసం రాలేదు, నీ కోసం వచ్చాను" అన్నాడు బైరాగి.

ఇంకేం చేస్తాడు, దొంగ మళ్ళీ ఇంజను ఎత్తాడు. పొద్దు వాలే వేళకి పెళ్ళినుంచి తిరిగొచ్చిన ఊరంతా పాక ముందు లబోదిబోమంటూంటే, ఇద్దరూ ఇంజను మోసుకుంటూ వచ్చి దింపారు. కామేశు బైరాగిని కావలించుకున్నాడు. నలభై ఏళ్ళలో ఊరిపెద్ద అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. బైరాగికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

దొంగ మాత్రం సోమునాయుడి ముందు చేతులు జోడించాడు. "నన్ను ఏ ఠాణాకైనా పంపండి బాబూ, ఈయన్నించి మాత్రం ఇడిపించండి" అని జరిగిందంతా చెప్పాడు. సోమునాయుడు తల పట్టుకుని కింద కూర్చున్నాడు.

"ఒరే బైరాగీ, నీ జోడీ గురువులురా. ఆడేడీ?" అన్నాడు.

అందరూ గురువులు కోసం వెతుకుతూంటే ఆ సందులో దొంగ పరుగో పరుగు. గురువులు పశువుల పాకలో దొరికాడు. తమ ఇంటి గేదె మెడకి తన మెడ ఆనించి, గడ్డిపరక నములుతున్నాడు.

"నానొచ్చేసరికి అన్న లేడు. తొట్టిలో ఇది మూతెట్టింది. నీళ్ళలో దిగినట్టే కదా? దీన్నే జోడీగా పెట్టుకున్నాను. అప్పటినించీ వదల్లేదు" అన్నాడు.

బైరాగికి కోపం వచ్చింది. "బుద్ధిలేనోడా, జోడీగా ఉంటావా అని ముందు అడగొద్దేటి? నానడిగే పెట్టుకున్నాను."

"అడిగాను."

"ఏటంది?"

"తలూపింది."

"అయితే సరే" అన్నాడు బైరాగి.

కామేశుకి కావలించుకున్న చేతులు కోసుకోవాలనిపించింది. ఇంజను పాకలో పెట్టించి, తాళం వేయించి, "ఆ తాళంచెవి గేదె మెడలో కట్టండి. మీ ఇంట్లో తెలివైంది అదొక్కటే" అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఊరు ఘొల్లున నవ్వింది. బైరాగి నవ్వలేదు. కాపలా మళ్ళీ తన ఇంటికే వచ్చింది, ఇంతకన్నా ఏం కావాలి? ధనమ్మ పసుపుతాడు తెచ్చింది, తాళంచెవి గేదె మెడలో కట్టారు.

తెల్లారి వేటకి వెళ్ళేవాళ్ళు ఇంజను కోసం వచ్చారు. పాకకి తాళం ఉంది. గేదె ఉప్పుటేట్లో మెడదాకా మునిగి ఉంది. దానికి ఆ పక్కన బైరాగి, ఈ పక్కన గురువులు, వాళ్ళూ మెడదాకానే. గేదె మెడలో పసుపుతాడు లేదు.

"తాళంచెవేదిరా?" అని గట్టు మీంచి కామేశు అరిచాడు.

"మాకేటి తెలుసు బాబూ" అన్నాడు బైరాగి, గేదె వీపు మీద చెయ్యి వేసి. "కాపలా దీనిది. దిగి దీన్నే అడగండి, తలూపుతాది."