గొలుసు పట్టిన చెయ్యి

ఆ వారమంతా మాల్యాద్రికి అన్నం సయించలేదు. వాళ్ళక్క ఆదెమ్మ నెల రోజులుగా దగ్గుతోంది. అమ్మ పోయాక పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పనిచేసి అతన్ని పెంచిన అక్క. ఆమె ఒక్క పాటైనా మధ్యలో ఆగకుండా పాడితే వినాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

అతను జకరయ్య మాస్టారి శిష్యుడు. మాస్టారు పోలీసు కుక్కలకు తర్ఫీదిచ్చి రిటైరయ్యారు. ఇప్పుడు కందుకూరు బయట, ఊపిరితిత్తుల్లో గడ్డను వాసనతో పట్టడం కుక్కలకు నేర్పుతున్నారు. మనిషి ఊపిరి పట్టిన గుడ్డను సీసాలో పెడతారు. జబ్బు వాసన తగిలితే మాస్టారి కుక్క చుక్క ఆ సీసా ముందు కూర్చుంటుంది. సీసాలు సర్దినవాళ్ళు కుక్క గొలుసు పట్టుకోకూడదు. అక్కడ నియమం అదొక్కటే.

ఆరేళ్ళుగా చేస్తున్న పని, నాకెందుకులే ఆ నియమం అనుకున్నాడు మాల్యాద్రి. ఏ జబ్బూ లేని నలుగురి గుడ్డల మధ్య అక్క గుడ్డ పెట్టి, చుక్కని తనే తిప్పాడు. అది ఎక్కడా కూర్చోలేదు. పరుగున మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, అక్కకి ఏం లేదు."

"అక్క సీసా దగ్గర ఎన్నిసార్లు తిప్పావురా?"

"మూడుసార్లు."

"మిగతావాళ్ళ సీసాల దగ్గర?"

మాల్యాద్రి తల వంచుకున్నాడు. "ఒకసారే."

మాస్టారు అతన్ని గోడ అవతల కూర్చోమన్నారు. భార్య చేత సీసాల వరస మార్పించి, అంతసేపూ తను అటు తిరిగి నిలబడి, తర్వాత గొలుసు అందుకున్నారు.

గోడ అవతల మాల్యాద్రి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. లోపల చుక్క గోళ్ళ చప్పుడు కొంతదూరం నడిచి ఆగిపోయింది.

"వాళ్ళక్కదే," అంది మాస్టారి భార్య, మెల్లిగా.

"భేష్ తల్లీ," అన్నారు మాస్టారు. సరిగ్గా పట్టినప్పుడే చుక్కని ఆయన అలా మెచ్చుకునేది.

మాస్టారు వచ్చి అతని పక్కనే నేలమీద కూర్చున్నారు.

"నేను తిప్పినప్పుడు చుక్క ఎందుకు కూర్చోలేదు మాస్టారూ?"

"కూర్చోబోయే ముందు నీ మొహం చూసిందా?"

"మూడుసార్లూ చూసింది."

"నీకు కావలసింది నీకిచ్చింది."

"నాకు కావలసింది అక్క మాస్టారూ," అన్నాడు.

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"అయితే రేపు మొదటి బస్సుకే పెద్దాసుపత్రికి తీసుకుపో."