ఒరిగించిన కుండీలు

ఎవరేం అడిగినా పరాంకుశాచార్యులు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు చేతికేదో ఒక పని అప్పగించేవారు. అది ముగిసేసరికి అడిగినవాళ్ళలో సగంమంది ప్రశ్నే మరిచిపోయేవారు. సుభద్ర మరిచిపోయే మనిషి కాదు.

కొండ దిగువన ఉన్న ఆయన మూలికల తోటకు ఆమె వైద్యం నేర్చుకోవడానికి వచ్చి ఏడాది కావస్తోంది. కూతురు మృదుల రెండు జిల్లాల అవతల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తిన్నావా, తలకు నూనె పెట్టుకున్నావా, ఫ్యాను కింద పడుకోకు అంటూ సుభద్ర పొద్దునా సాయంత్రమూ ఫోను చేసేది. నిన్న ఆ పిల్ల, ఇక రోజూ చెయ్యొద్దమ్మా, ఆదివారం నేనే చేస్తానంది. గొంతులో కోపం లేదు. అదే సుభద్రను ఎక్కువ భయపెట్టింది. తెల్లారేసరికి బట్టలు సంచిలో సర్దుకుని గురువుగారి ముందు నిలబడింది.

"కంటికి కనబడక, గొంతూ వినబడకపోతే పిల్ల బాగుందని నాకెలా తెలుస్తుందండీ? చదువు ఎక్కడైనా చదువే. వెళ్ళి వెంటబెట్టుకొచ్చేస్తాను."

ఆచార్యులు వద్దనలేదు. బస్సుకు ఇంకా వేళ ఉందని, ఈలోగా పూజకు నేలసంపెంగలు కోసుకు రమ్మని, వాటిలో ఒకటి ఆమె కుండీలోది ఉండాలని అన్నారు.

ఆమె కుండీ అన్న మాటకు సుభద్ర తల దించుకుంది. నేలసంపెంగ చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి మట్టిలో దుంపగా పడుకుంటుంది. అప్పుడు తడి తగిలితే దానికి చేటు. అందుకని ఆ తోటలో కుండీలను గోడవారగా పక్కకు ఒరిగించేస్తారు, వాననీళ్ళు గానీ జాలిపడే చేతులు గానీ వాటి జోలికి పోకుండా. ఆ సంగతి పెద్ద శిష్యుడు కోదండం మొదట్లోనే చెప్పాడు. అయినా పక్క మీంచి దొర్లిన పసిబిడ్డలా పడి ఉన్న ఒక కుండీని చూసి ఆమెకు మనసొప్పలేదు. దాన్ని నిలబెట్టి, ఒక్క చెంబుడు నీళ్ళకు ఏమవుతుందిలే అని రోజూ పోసింది. "అక్కా, మీ దత్తపుత్రికకు స్నానమైందా?" అని కోదండం వేళాకోళమాడితే నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు గోడ దగ్గరకు వెళ్ళి చూస్తే ఒరిగిన కుండీలన్నీ పూసి ఉన్నాయి. ఒక్క ఆకైనా లేకుండా, ఎండిన మట్టిని చీల్చుకుని వచ్చిన తెల్లపూలు, ఊదారంగు పెదవులతో, వెలుగుకేసి మెడ తిప్పి ఉన్నాయి. నిలబెట్టిన కుండీలో మాత్రం నల్లటి మట్టే. సుభద్ర వేళ్ళతో తవ్వింది. దుంప గంజిలా చేతికి అంటుకుంది. ముక్కు మూసుకోవలసినంత కంపు.

ఎప్పుడు వచ్చారో, ఆచార్యులు పక్కన చతికిలబడ్డారు. దాహమేస్తుందేమోనని పోశానండీ అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ. ఆయన ఆ కుళ్ళులోనే తడిమి తడిమి, బొటనవేలంత గట్టి ముక్క ఒకటి దొరకబుచ్చుకున్నారు. చెడింది చాకుతో చెక్కేసి, మిగిలింది ఆమె అరచేతిలో పెట్టారు. బూడిదలో దొర్లించి పొడిమట్టిలో పెట్టాలని, మొలక కనబడేదాకా తడి చూపించకూడదని చెప్పారు.

ఆమె ఆ పనిలో ఉండగానే మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది. సుభద్ర తలెత్తింది, లేవలేదు. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు అణిగాక, పొడిమట్టి నింపిన కుండీలో ఆ ముక్కను పెట్టి, తన చేతులతోనే పక్కకు ఒరిగించింది. చెయ్యి మాత్రం అంచును వదల్లేకపోయింది.

"ఇక వదిలెయ్యడమేనా అండీ?"

"వదిలెయ్యమని ఎవరన్నారమ్మా?" అన్నారు ఆచార్యులు, మోకాళ్ళ మీద చేతులాన్చి లేస్తూ. "చలికాలమంతా నేను రోజూ వచ్చి చూసిపోయేవాణ్ణి. వట్టి చేతులతో."