ఉల్లికాడ ఎల్లవ్వ

ఎన్కట, ఎన్కటికన్న ఎన్కట, మీ తాత తాతకు ఇంక పేరు గూడ పెట్టని నాడు, ఏడుతూముల అనే ఊరుండె. ఊఁ కొట్టుర్రి! ఊఁ కొట్టనోళ్ళకు నేను కథ చెప్పను. ఆఁ, గట్ల!

ఇది ఒంటికి పోవుడు కథ. ఏందే పిల్లా, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నవ్? నవ్వు, నవ్వు. ఒక్క పూట అది రాకుంటె నీ నవ్వు ఏడికి పోతదో తెలుస్తది.

ఆ ఊరికి పెద్ద చెరువు, చెరువుకు రాతి తూము. తూము ఎత్తి పొలాలకు నీళ్ళిడిసేటోళ్ళను నీరటోళ్ళంటరు. ఆ పని చేసేది ఎల్లవ్వ. ముందుగాల ఆమె మొగడు చేస్తుండె. ఆయన పోయినంక ఊరోళ్ళు ఇంకో మనిషిని దేవులాడిండ్రు, దొరకలె. గా పని ఈమె మెడల పడ్డది. ఒంటి మనిషి. ఒక మేక, తూము కింద నాలుగు మళ్ళ ఉల్లి, గంతే ఆమె సంసారం. తూముకాడ ఎవరన్న తొందర పెడితె ఒకటే మాట అంటుండె: "నీళ్ళతోని కొట్లాడొద్దు. నీళ్ళకు తోవ జూపాలె."

ఆ ఊర్ల ఒక ఆచారం. ఏ ఇంట్ల కాన్పయినా, మూడో పూటకు బాలింతకు నీళ్ళు పోస్తరు. ఆ నీళ్ళు నీరటోళ్ళు తూముకాడికెల్లి తేవాలె. తెచ్చినోళ్ళు కుండ గడపకాడ పెట్టి మర్లి పోవాలె. గడప దాటొద్దు. పటేలింటి గడపైతె అసలే దాటొద్దు.

ఇగ ఇనుర్రి! ఆ పటేలింట్ల కోడలు అండాలమ్మకు తొలి కాన్పు. పందొమ్మిదేండ్ల పిల్ల. రెండు దినాలు నొప్పులు పడ్డది. పొద్దు పొడిచెటాళ్ళకు ఆడపిల్ల పుట్టింది, సక్కని పిల్ల, గట్టి ఏడుపు! ఇంటిల్లిపాది సంబురపడ్డరు.

ఒక పూట గడిచె. అండాలమ్మ పక్క మీద ఇటు దొర్లె, అటు దొర్లె. "కాన్పు నొప్పి, అదే పోతది" అన్నరు.

రెండు పూటలు గడిచె. అండాలమ్మ పండ్లు గిట్ట కరుచుకొని మూలుగుతున్నది. మంత్రసాని బాలవ్వ వచ్చి పొట్ట ముట్టి చూసింది. బొడ్డు దాక గుండ్రంగ, గట్టిగ ఉన్నది.

"ఓ పటేలమ్మా! సంబురం జేసుకో! కడుపు దిగలేదు. లోపల ఇంకో బిడ్డ ఉన్నది. కవలలు!" అని కేకేసింది బాలవ్వ.

అబ్బబ్బ, ఏం చెప్పాల్నే ఆ ఇంటి సంబురం! అత్త రత్తవ్వ పటేలమ్మ రెండో తొట్టెల కట్టిచ్చింది. డప్పులోళ్ళకు కబురు పంపిండ్రు. ఈసారి కొడుకే అని ఒకరు, ఇద్దరు ఆడబిడ్డలైతె లక్ష్మీ సరస్వతులని ఒకరు. అందరు లోపలి బిడ్డ ముచ్చటే! పక్క మీది అండాలమ్మ ముచ్చట ఎవ్వరికి పట్టలె.

రెండో బిడ్డ ఎంతకూ రాదాయె. రాత్రి గడిచి తెల్లారె. కషాయాలయ్యను పిలిచిండ్రు. పెద్ద వైద్యుడు, చెయ్యి చూసిండు, కనురెప్ప ఎత్తి చూసిండు. "ఒంట్ల నీరు చేరింది. నీరు దిగితె బిడ్డ దిగుతది" అని పల్లేరు కాయల కషాయం కాసిచ్చిండు. ఒక చెంబు తాగించిండ్రు. రెండో చెంబు తాగించిండ్రు. మూడో చెంబు "వద్దు అత్తమ్మా, వద్దు" అంటుంటె ముక్కు మూసి తాగించిండ్రు.

చెడ్డ మందు కాదు, తప్పు పట్టకుర్రి. పల్లేరు కాయ ఒంట్ల నీరును లాగి కిందికి తెస్తది. మరి పోయే తోవ మూసుకున్ననాడు, పైనుంచి పోసుకుంట పోతె ఏమైతది? మీరే చెప్పుర్రి! అండాలమ్మ పొట్ట ఇంక లేచింది. ఆమె ఒర్లుడు వాకిట్లకినబడ్డది.

అప్పుడు గుర్రమేసి కత్తులయ్యను తోలుకొచ్చిండ్రు. పెద్ద పెద్ద యుద్ధాలల్ల దెబ్బలు తిన్నోళ్ళకు కోసి కుట్టినోడు. చూసిండు. "బిడ్డ అడ్డం తిరిగింది. పొట్ట కోసి తీస్త" అన్నడు.

"మరి తల్లి?" అన్నడు పటేలు.

కత్తులయ్య సంచి ఇప్పిండు. ఆ కాలంల పొట్ట కోస్తె తల్లి బతుకుడన్నది లేదు. అందరికి తెలుసు. పటేలు గోడకు ఆనుకొని కూలబడ్డడు. కత్తులయ్య వాకిట్ల సానరాయి పెట్టి మూడు కత్తులు తీసిండు. మొదటిది నూరుడు మొదలువెట్టిండు. సర్ర్... సర్ర్...

మూడో పూట. సరిగ్గ అప్పుడే ఎల్లవ్వ కుండెత్తుకొని వచ్చింది.

గడపకాడ కుండ దించింది. మర్లి పోవాలె గదా? పోలె. లోపలికెల్లి అండాలమ్మ ఏడుపు ఇనబడ్డది: "నీళ్ళొద్దు... నాకు ఇంక నీళ్ళొద్దు... పలిగి సచ్చిపోత..." ఆ మాటకు ఎల్లవ్వ కాళ్ళు ఆగలె. గడప దాటింది!

"ఏయ్ నీరటిదానా! ఏడికే వస్తున్నవ్?" అని లేచింది రత్తవ్వ.

"వచ్చిన పటేలమ్మా. తిట్టేటివి తర్వాత తిట్టు" అన్నది, తిన్నగ పక్క కాడికి పోయింది.

పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. ఏళ్ళతోని మెల్లగ తట్టింది. నిండిన కుండను తడితె ఒక సప్పుడు, ఎల్తి కుండను తడితె ఒక సప్పుడు. నీరటిదానికి చెప్పాల్నా? వంగి, చెవుల అడిగింది:

"బిడ్డా, ఒంటికి ఎప్పుడు పోయినవ్?"

అండాలమ్మ కండ్లల్లకెల్లి నీళ్ళు కారినయ్. "కాన్పయిన కానుంచి పోలేదవ్వా. ముక్కినా వస్తలేదు. ఇంత మందిల ఎవరికి చెప్పుకోను, సిగ్గయింది."

ఇంట్ల ముప్పై మంది ఉండిరి. వైద్యుడు ఉండె, మంత్రసాని ఉండె, కన్నతల్లి లెక్క అత్త ఉండె. ఆ మాట అడిగినోళ్ళు ఒక్కరు లేరు! బాలింతకు పథ్యమని మంచినీళ్ళు ఇయ్యకపోతిరి, తాగనిది ఎట్లొస్తది అని ఊకున్నరు. తర్వాత చెంబులకు చెంబులు పోస్తిరి, అప్పుడన్న అడిగిండ్రా? అడగలె. నాకు ఇప్పటికీ కోపమే!

ఎల్లవ్వ లేచి నిలబడ్డది. "పటేలమ్మా, లోపల బిడ్డ లేదు. గిడ్డ లేదు. ఉన్నయన్ని నీళ్ళే! రెండు దినాల నొప్పులకు కింద వాచి తోవ మూసుకున్నది. కత్తి ఆపుర్రి. తోవ నేను తీస్త."

"నీకెట్ల తెలుసే?" అన్నది బాలవ్వ.

"నా పెనిమిటి గిట్లనే పోయిండు. ఐదు పూటలు ఒంటికి రాక, నా చెయ్యి పట్టుకొని ఒర్లి ఒర్లి పోయిండు. నేను ఊకె చూసుకుంట కూసున్న. ఊరి నీళ్ళన్ని ఇడిసెటోడు, ఆయన నీళ్ళు ఇడిసెటోళ్ళు లేకపోయిరి. గప్పటి కానుంచి ఇదే రంది నాకు. పోయినేడు నా మేకకు ఈనినంక గిట్లనే అయితె, ఉల్లికాడ పెట్టి తీసిన."

"మేకకు చేసింది నా కోడలికి చేస్తవా!" అని రత్తవ్వ శివమెత్తింది.

"మేక బతికింది పటేలమ్మా" అన్నది ఎల్లవ్వ.

తలుపవతలికెల్లి పటేలు గొంతు వచ్చింది. "మూడు కత్తులు నూరేదాక నీకు గడువు. కోడలికేమన్న అయితె నువ్వు ఈ ఊర్ల ఉండవు."

ఎల్లవ్వ ఉరికింది! వాకిలి దాటి, కట్ట దిగి, ఉల్లిమడి దాక ఉరికింది. పొడుగువి, నున్నటివి, మూడు కాడలు కోసింది. మర్ల ఉరికింది! ఆయాసంతోని వచ్చి కాగే నీళ్ళల్ల చేతులు కడిగింది, కాడలు ముంచి తీసింది, కొసలకు ఆముదం రాసింది. ఆడోళ్ళంత చీరె కొంగులు పట్టి చుట్టు తెర కట్టిండ్రు. "బాలవ్వా, పిల్ల చెయ్యి పట్టు. గట్టిగ పట్టు" అన్నది. బాలవ్వ పట్టింది.

సర్ర్... సర్ర్... వాకిట్ల మొదటి కత్తి నూరుడయింది.

ఎల్లవ్వ ఒంటికొచ్చే తోవల మొదటి కాడ పెట్టింది. అది లేతది. మడత పడ్డది. తీసి పక్కకు పెట్టింది.

సర్ర్... సర్ర్... రెండో కత్తి నూరుడయింది.

రెండో కాడ పెట్టింది. అది ముదురుది. పోతలేదు. అండాలమ్మ కెవ్వున అరిచింది. "నూకు అవ్వా, పోతది!" అన్నది రత్తవ్వ. చూసిండ్రా, అవ్వా అన్నది! ఎల్లవ్వ నూకలె. "నీళ్ళతోని కొట్లాడొద్దు" అని వెనుకకు తీసింది.

ఇగ మిగిలింది ఒకటే కాడ. ఎల్లవ్వ కండ్లు మూసుకొని మొగన్ని తలుచుకున్నది. "అండాలూ, జర దగ్గు బిడ్డా. ఊపిరి ఇడిసిపెట్టు. నేనున్న" అన్నది.

అండాలమ్మ దగ్గింది. కాడ మెల్లగ, మెల్లగ, జారింది.

"మూడో కత్తి నూరుడయింది" అన్నడు కత్తులయ్య, తలుపుకాడికి వచ్చి.

టప్.

టప్. టప్. ఆ ఎన్క... సుర్రుమని! కాడ కొసకెల్లి ధార! కింద పెట్టిన మట్టికుండల ధార! ఆ సప్పుడు వాకిట్లకు, వాకిట్లకెల్లి బజార్లకు ఇనబడ్డది. "వచ్చింది! వచ్చింది!" అని రత్తవ్వ ఎగిరి గంతేసింది. యాభై ఏండ్ల పటేలమ్మ! లోపలేమైందో తెల్వక డప్పులోళ్ళు రెండో బిడ్డ పుట్టిందనుకొని డప్పులందుకున్నరు. బజారంత కోలాహలం!

కానీ ఎల్లవ్వ ఏం జేసిందో తెలుసా? కాడను బొటనేలుతోని నొక్కి ధార ఆపింది!

"ఆపినవేందే!" అని అందరు మీదికొచ్చిండ్రు.

"నిండిన చెరువుకు తూమంత ఒక్కసారి ఎత్తుతరా? కట్ట కుంగుతది. పిల్ల కండ్లు తేలేస్తది. ఆగుర్రి" అన్నది.

కొంచెం ఇడిసింది, ఆపింది. అండాలమ్మ బిగబట్టిన పిడికిళ్ళు ఇప్పింది. మర్ల ఇడిసింది, ఆపింది. పొట్ట బొడ్డు కిందికి దిగింది. మూడోసారి ఇడిసింది. కుండ నిండింది. అండాలమ్మ నిమ్మళంగ ఊపిరి తీసుకొని, ఇటు చూసి, అటు చూసి, మొట్టమొదటిసారి అడిగింది: "నా బిడ్డేది?"

పుట్టి మూడు పూటలాయె, తల్లి బిడ్డ మొఖం చూడనే లేదు! తెచ్చి చేతుల పెట్టిండ్రు. ఆ ఇంట్ల ఏడ్వనోళ్ళు లేరు. కత్తులయ్య గూడ ఏడ్చిండు.

రెండో తొట్టెల ఇప్పిండ్రు. ఊరోళ్ళు ఊకుంటరా? "పటేలింటి రెండో బిడ్డ కుండల పుట్టింది" అని నవ్విండ్రు. అందరికన్న ఎక్కువ నవ్వింది రత్తవ్వే.

తర్వాత వాపు దిగేదాక దినానికి మూడుసార్లు కొత్త కాడ పెట్టి తీసింది ఎల్లవ్వ. మంట పుట్టకుండ కషాయాలయ్య కషాయమిచ్చిండు. తోవ తెరుసుకున్నంక అదే కషాయం అమృతం లెక్క పనిచేసింది! నాలుగో నాడు అండాలమ్మ తనంతట తాను లేచి దొడ్లెకు పోయొచ్చింది. కత్తులయ్య ఊరు ఇడిసి పోలె. ఎల్లవ్వ గుడిసె ముంగట కూసోని, "అవ్వా, నాకు నేర్పు" అన్నడు. నేర్చుకొని ఉల్లికాడ లెక్కనే సన్నటి వెండిగొట్టం పోయించిండు. ముసలోళ్ళకు, రాళ్ళు అడ్డం పడ్డోళ్ళకు గూడ తోవలు తీసిండు. ఇయ్యాల దవాఖానల మెత్తటి గొట్టాలున్నయ్, మందుగోలీలున్నయ్, ఆపరేషన్లున్నయ్. ఉల్లికాడలు పెట్టుకునేరు, జాగ్రత్త! దవాఖానకు పోవాలె.

ఎల్లవ్వ ముసలిదై, ఒకనాడు ఉల్లిమడి గట్టు మీదనే కండ్లు మూసింది. ఆడోళ్ళు కాటికి పోవద్దని ఆ దిక్కు ఆచారం. ఆనాడు ఎవ్వరు ఆచారం అడగలె. చుట్టు ఏడూర్ల ఆడోళ్ళు పాడె ఎన్క నడిచిండ్రు. ముందల అండాలమ్మ. ఆమె పక్కన ఆమె బిడ్డ, ఆ బిడ్డ సంకల ఇంకో బిడ్డ.

ఇప్పటికీ ఆ ఏడూర్లల్ల కాన్పయిందని కబురొస్తె, కొడుకా బిడ్డా అని ముందుగాల అడగరు. ఎంత పెద్ద మనిషైనా, మామైనా, మొగడైనా, వాకిట్ల నిలబడి నలుగుట్ల గొంతెత్తి అడుగుతడు: "తల్లి ఒంటికి పోయిందా?" ఎవ్వరు నవ్వరు. ఎవ్వరు సిగ్గుపడరు. లోపలికెల్లి బాలింతనే జవాబు చెప్తది: "పోయిన, ఎల్లవ్వ సల్లగుండ!" ఆ మాట ఇన్నంకనే పుట్టినోళ్ళు ఎవరని అడుగుతరు.