ఎడమవైపు పొడుగు కాడి

పూర్వం గండవరం వడ్రంగి సోమాచారి ఒకేసారి ఆరు సాళ్లు విత్తే గొర్రు, దానికో కాడి చేశాడు. అవి చూసి కోట కార్ఖానా అధికారి దండపాణి అచ్చం అలాంటివే రెండు వందలు చేయించాడు. పైగా సోమాచారే తన పనితనం దొంగిలించాడని రాజుగారికి ఫిర్యాదు చేసి, అతని బాడిసె లాగించేశాడు.

బాడిసె పోతే వడ్రంగికి బతుకేది? సభలో సోమాచారి చేతులు కట్టుకుని దండపాణిని, "అయ్యా, తమరి కాడులన్నీ ఎడమవైపు జానెడు పొడుగెందుకండీ?" అని అడిగాడు.

దండపాణి మీసం దువ్వాడు. "వాటి సత్తా అంతా అందులోనే ఉంది!"

"మహాప్రభో, నా ఎడమ ఎద్దు కుంటిది. దాని మీద బరువు తగ్గాలని అటు పొడుగు పెట్టుకున్నాను. మరి వీరు చేయించిన రెండు వందల కాడులకూ ఎడమవైపు కుంటెద్దులేనా?"

రాజుగారు బాడిసె తిరిగి ఇప్పించారు. "ముందు ఆ ఎద్దుకి ఉలవలు పెట్టించండి. సాక్ష్యం చెప్పింది అదే!" అన్నారు.