తోడుకోని పెరుగు

ఒకానొక రాజ్యంలో గజకేతుడనే రాజు ఉండేవాడు. తన చెయ్యి పడనిదే ఏ పనీ జరగదని ఆయన నమ్మకం. అజమాయిషీ వేరు, కెలకడం వేరు. ఆ తేడా ఆయనకు తెలియదు.

ఓడ వర్తకుడొకడు ఆయనకు క్యాబేజీ విత్తనాలు కానుకగా ఇచ్చాడు. తోటమాలి పోలయ్య నారు పోసి, నాటి, కంటికి రెప్పలా పెంచాడు. మొక్కలు ఏపుగా వచ్చాయి. అది మొదలు రాజు రోజూ పొద్దున్నే పరివారంతో తోటకు వచ్చి, ముడుచుకుంటున్న లేత ఆకులను స్వయంగా విప్పి, లోపల గడ్డ కట్టిందా అని చూసేవాడు. వద్దని చెప్పడానికి పోలయ్యకు నోరు రాలేదు.

కోతల వేళకు ఒక్క మొక్కా గడ్డ కట్టలేదు. అన్నీ విస్తళ్ళలా విచ్చుకుని ఉన్నాయి. రాజు మండిపడి, పోలయ్యను రేపు పొద్దుగూకేలోగా పెళ్ళాం బిడ్డలతో రాజ్యం విడిచి పొమ్మన్నాడు.

పోలయ్య వెళ్ళి ఆస్థాన విదూషకుడు విస్సన్న ముందు కూలబడ్డాడు. విస్సన్న అంతా విని, ఆ ఆకులు కోసి వంటశాలకు పంపమన్నాడు. రేపటి పెరుగు సంగతి తాను చూసుకుంటానన్నాడు. పెరుగుకూ తన కష్టానికీ సంబంధమేమిటో పోలయ్యకు బోధపడలేదు. అయినా చెప్పినట్టే చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం విస్సన్న రమ్మంటే పోలయ్య వచ్చి, భోజనశాల గుమ్మం పక్కన ఒదిగి నిలబడ్డాడు. ఇంటి దగ్గర పెళ్ళాం మూటలు కడుతోంది. లోపల రాజు పెసరపప్పు వేసి వండిన ఆకుకూరను మారడిగి తిన్నాడు. చివరికి పెరుగు వచ్చింది. గరిటెలోంచి నీళ్ళలా జారింది.

పెరుగు లేనిదే రాజుకు తిన్నట్టుండదు. “ఎవడు తోడుపెట్టింది?” అన్నాడు. విస్సన్న ముందుకు వచ్చాడు.

“నేనే ప్రభూ. తోడుకుందో లేదోనని గడియకోసారి వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. అయినా తోడుకోలేదు. ఆ పాలు పోసిన గొల్లవాణ్ణి పొద్దుగూకేలోగా రాజ్యం దాటించండి.”

“బుద్ధిహీనుడా, వాడేం చేశాడు? వేలు పెట్టి కదిపినవాడిది తప్పు.”

“మరి గడ్డ కట్టే మొక్కను రోజూ విప్పి చూసినవాడిదో, ప్రభూ?”

రాజు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తరవాత ఖాళీ అయిన కూర గిన్నెకేసి చూశాడు.

“ఈ కూర ఆ ఆకులేనా?”

“ఆ ఆకులే. గడ్డ కట్టకపోయినా రుచి తగ్గలేదు.”

రాజు పొట్ట కదిలేలా నవ్వాడు. చేతి బంగారు కడియం తీసి విస్సన్నకిచ్చి, ఆ నీళ్ళ పెరుగంతా అతన్నే తాగమన్నాడు. పోలయ్యను లోపలికి పిలిచి, తోట తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. వచ్చే పంట కోసేదాకా, నువ్వు పిలవందే నేనూ లోపలికి రానన్నాడు.

పోలయ్య ఇంటికి పరుగున వెళ్ళి, కట్టిన మూటలు తన చేత్తోనే విప్పాడు. ఆ పూట వాళ్ళింట్లోనూ ఆ కూరే.