ఎరువు ప్రకటనలో పోలినాయుడు

పాతగెడ్డ జమీందారు సొంతంగా ఒక వారపత్రిక నడిపేవాడు. తాను రైతులకు అమ్మే ఎముకల ఎరువు గురించి అందులో ప్రకటన వేయించాడు. అడక్కుండానే పోలినాయుడనే తన రైతు బొమ్మ అచ్చువేయించి, కింద "ఈ ఎరువుతో ఇతని పొలం రెండింతలు పండింది" అని రాయించాడు. పోలినాయుడు ఆ ఎరువు చల్లిన మాట నిజమే. కానీ ఆ ఏడు వాన లేక చేను ఎండిపోయింది.

శిస్తు కట్టలేదని జమీందారు మనుషులు అతని ఎడ్లను జప్తు చేశారు. అతను జమీందారు కచేరీకి వెళ్లాడు.

"రేపు సంతలో వేలం. ఏడిస్తే లాభం లేదురా," అన్నాడు జమీందారు.

"ఏడవడానికి రాలేదు బాబూ. వేలంలో ఎడ్ల పక్కన నేనూ నిలబడతాను. పత్రిక చూసినవాళ్లు నా మొహం గుర్తుపడతారు. రెండింతలు పండినోడి ఎడ్లు వేలానికెందుకొచ్చాయని అడుగుతారు. ఏం చెప్పమంటారో కనుక్కుందామని వచ్చాను."

జమీందారు అమ్మకానికి దింపిన ఎరువు బస్తాలు ఆ సంతలోనే ఉన్నాయి.

"ఎడ్లను తోలుకుపో," అన్నాడు జమీందారు. "శిస్తు సంగతి వచ్చే ఏడు చూద్దాం."

మర్నాడు వేలం జరిగింది. పక్క ఊరి గవరయ్య కూడా అదే ఎరువు చల్లాడు; అతని చేనూ ఎండింది, అతనూ శిస్తు కట్టలేకపోయాడు. అతని బొమ్మ ఏ పత్రికలోనూ పడలేదు. అతని ఎడ్లు తొలి పాటకే పోయాయి.