నాంచారమ్మ గుళిక

వంగిన నడుములన్నీ వయసు వల్లే వంగాయని మీకెవరు చెప్పారు?

ముప్పయ్యేళ్లు నర్సుగా చేసిన విశాలాక్షిగారు ఇప్పుడు మా చేనేత పేటలో ఆరోగ్య కార్యకర్తలకు పాఠాలు చెబుతున్నారు. ప్రశ్న అడిగితే జవాబివ్వరు, చెప్పులేసుకుని బయల్దేరతారు. ఓ ఆదివారం శిష్యురాలు హైమ ఉక్రోషంగా వచ్చింది.

"అమ్మా, ఎముకలకిచ్చే ఈ విటమిన్లు ఉత్తవేనా? నాంచారమ్మగారికి రెండు నెలలుగా రోజూ కాల్షియం మాత్ర, వారానికో విటమిన్ డి గుళిక ఇస్తున్నాను. అట్టలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. రక్తపరీక్షలో మాత్రం డి పెద్దగా పెరగలేదు!"

నాంచారమ్మకు అరవై ఎనిమిది. నిరుడు గడప దగ్గర తూలి పడితేనే మణికట్టు విరిగింది. మళ్లీ పడితే తుంటి విరిగి మంచాన పడతావని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

విశాలాక్షిగారు, హైమ వెళ్లేసరికి ఆ ఇంట్లో భోజనాల వేళ. భర్త వీరాస్వామి పీట మీద కూర్చుని తింటున్నాడు. నాంచారమ్మ అట్టలోంచి గుళిక తీసి ఆయన ఎడమ చేతిలో పెట్టింది.

"అదేంటమ్మమ్మా!" హైమ అరిచినంత పని చేసింది.

"ఓ వారం ఆయనకి, ఓ వారం నాకు. బలం మందు కదే అమ్మాయ్! మగ్గం గుంటలో కూర్చునే మనిషికి పెట్టకుండా నేనొక్కదాన్నే మింగితే గొంతు దిగొద్దూ?"

హైమ వాదానికి దిగబోయింది. విశాలాక్షిగారు చెయ్యి అడ్డం పెట్టి, నాంచారమ్మ కళ్లజోడు తీసి వీరాస్వామి ముక్కుకి తగిలించారు.

"అయ్యో నర్సమ్మగారూ, ఆయన కళ్లకేం రోగం? తెగిన పోగు చీకట్లో కూడా పట్టేస్తాడు. చూపు ఆననిది నాకు!"

"ఆనకపోతే పోనీ. ఆయనకి పెట్టకుండా నువ్వొక్కదానివే ఎలా చూస్తావ్ నాంచారమ్మా?"

నాంచారమ్మ ఫక్కున నవ్వింది. వీరాస్వామి నవ్వలేదు. కళ్లజోడు తీసి ఆమెకిచ్చాడు, గుళిక కూడా ఇచ్చేశాడు. చెయ్యి కడుక్కొచ్చి పీట ఆమె వైపు జరిపాడు.

"కూర్చో. అన్నం తిని, నా ఎదురుగా మింగు."

"మీ భోజనం సగంలో ఉందయ్యా! ఎవరన్నా చూస్తే?"

"చూడనీ."

ఆయనే వడ్డించాడు. చారు సగం కిందే పోశాడు. ఆమె తిట్టుకుంటూనే తింది, మింగింది.

వీధిలోకొచ్చాక హైమ పుస్తకం తెరిచింది. "ఏమని రాయనమ్మా?"

"రాయడం తర్వాత. ముందు ఇంటికెళ్లి, మీ అమ్మ అన్నం తినేటప్పుడు పక్కన కూర్చో. తన వంతు ఎవరికి పెట్టేస్తోందో చూడు."

మీరూ కూర్చోండి. ఈ పూటే.